కార్బైడ్ వాసన

మొన్న సాయంత్రం మా వీధి చివర మామిడిపళ్ళ బండి దగ్గర ఆగి, ఒక బంగినపల్లి చేతిలోకి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పండు వాసన రాలేదు. కుళ్ళిన వెల్లుల్లిలాంటిదీ, తడిసిన సున్నంలాంటిదీ ఒక ఘాటు వచ్చింది. కార్బైడ్ పెట్టి మగ్గేసిన కాయ. మా ఆవిడ "వద్దండీ, పదండి" అని చెయ్యి లాగుతోంది. బండివాడు నన్ను అనుమానంగా చూస్తున్నాడు. నేను మాత్రం ఆ కాయ కిందపెట్టలేక ఇంకోసారి వాసన చూశాను.

అది మా నాన్న వాసన.

నా చిన్నప్పుడు నాన్న రాగి గనిలో డ్రిల్లు మిషన్ నడిపేవాడు. అప్పట్లో ఆయన నెత్తిమీద టోపీకి ఒక చిన్న ఇత్తడి దీపం ఉండేది. కింద గిన్నెలో కార్బైడ్ గడ్డలు, పైన గిన్నెలో నీళ్ళు. చుక్క చుక్కగా నీళ్ళు గడ్డల మీద పడితే గ్యాస్ పుట్టి, ముందున్న చిన్న గొట్టంలోంచి తెల్లటి మంట వచ్చేది. ఆ మంట వెనకాల అద్దంలా మెరిసే రేకు పళ్ళెం. తర్వాత్తర్వాత నడుముకి బ్యాటరీ కట్టుకునే కరెంటు దీపాలు వచ్చాయి గానీ, వాటికి వాసన లేదు. నాన్న డ్యూటీ దిగి గుమ్మంలోకి వస్తుంటే ముందు ఆ వాసన వచ్చేది, తర్వాత బూట్ల చప్పుడు, ఆ తర్వాత నాన్న.

మేం పిల్లలం ఆ కార్బైడ్ మీద కన్నేసి ఉంచేవాళ్ళం. దీపావళికి కొనే టపాకాయలు ఎన్నని? ఖాళీ పౌడర్ డబ్బాకి అడుగున మేకుతో చిల్లి పెట్టి, లోపల కార్బైడ్ ముక్క వేసి, మీద ఉమ్మేసి, మూత బిగించి, చిల్లి దగ్గర అగ్గిపుల్ల చూపిస్తే మూత ఎగిరి పక్క లైను పెంకుల మీద పడేది. ఒకసారి మా తమ్ముడి కనుబొమలు కాలిపోయాయి. ఆ రోజు నాన్న నన్ను బెల్టుతో కొట్టాడు. కొట్టి, ఆయనే బయటికెళ్ళి కూర్చున్నాడు.

* * *

ఊరి పేరు ముసాబనీ. మేం ఉన్నప్పుడు బీహార్, సింగ్‌భూమ్ జిల్లా. 2000లో జార్ఖండ్ అయింది. కదలకుండా ఉన్నచోటే ఉండి రాష్ట్రం మారిపోయిన ఊరు.

శ్రీకాకుళం నుంచి అక్కడికెళ్ళడం మాకు ఏడాదికోసారి జరిగే పెద్ద యాత్ర. ఆమదాలవలసలో రైలెక్కి ఖరగ్‌పూర్‌లో దిగేవాళ్ళం. ఆ ప్లాట్‌ఫారం ఎంత నడిచినా అయ్యేది కాదు. కూలీ దగ్గర్నుంచి టిక్కెట్ కలెక్టర్ దాకా ఎవరో ఒకరు తెలుగులో పలకరించేవారు. రైల్వేలో అంతమంది మనవాళ్ళుండేవారు అక్కడ. మళ్ళీ టాటానగర్ వైపు వెళ్ళే బండెక్కి ఘాట్‌శిలాలో దిగాలి. ఘాట్‌శిలా బెంగాలీ బాబులకి గాలి మార్పు ఊరు. కలకత్తా నుంచి అజీర్తి పట్టుకుని వచ్చి, నెల రోజులు ఇక్కడి నీళ్ళు తాగి, కోడిమాంసం అరిగించుకుని వెళ్ళేవారు. వాళ్ళు హోల్డాల్‌లతో, టిఫిన్ కేరియర్లతో దిగేవారు. మేం చింతపండు బుట్టతో, ఆవకాయ జాడీతో దిగేవాళ్ళం. స్టేషన్ నుంచి మౌభండార్, సువర్ణరేఖ నది దాటితే ముసాబనీ.

మౌభండార్ అంటే బెంగాలీలో తేనె భాండాగారం. ఆ పేరు పెట్టినవాడెవరోగానీ కొలిమి పొగ రాకముందే పెట్టి ఉంటాడు. 1930లో ఇండియన్ కాపర్ కార్పొరేషన్ అనే ఇంగ్లీషువాళ్ళ కంపెనీ అక్కడ రాగి కొలిమి వెలిగించింది. ముసాబనీలో రాయి తవ్వాలి, మౌభండార్‌లో దాన్ని కరిగించాలి. అంతకుముందు కూడా రాఖా గనుల్లో కేప్ కాపర్ అనే ఇంకో కంపెనీ ప్రయత్నించి వదిలేసింది. అసలు వీళ్ళందరికన్నా ముందే ఎవరో తవ్వారు. అడవిలో గొర్రెలు కాసేవాళ్ళకి ఇప్పటికీ పాత గోతులు, రాగి కరిగించి తీశాక మిగిలిన నల్లటి చిట్టెం గుట్టలు కనిపిస్తాయి. సరాకులనే పాతకాలం వాళ్ళు తవ్వారని అక్కడి పెద్దలు చెప్పేవారు. మా స్కూల్లో హిందీ మాస్టారు ఒక చిట్టెం ముక్క తెచ్చి బల్లమీద పెట్టి, "ఇది మీ ముత్తాతకి ముత్తాత పుట్టకముందుది" అన్నాడు. మేమందరం దాన్ని ముట్టుకుని చూశాం. అది మామూలు రాయిలాగే చల్లగా ఉంది. కొంచెం నిరాశపడ్డాను.

నాన్న అక్కడికెలా చేరాడంటే, మా ఊరివాళ్ళు రంగూన్ పోయినట్టే, ఖరగ్‌పూర్ పోయినట్టే, టాటా పోయినట్టే. ఒకడు ముందు వెళ్తాడు. వాడు రాసిన ఉత్తరం చూసి ఇంకొకడు వెళ్తాడు. నాన్న మూడోవాడో నాలుగోవాడో.

* * *

ఆ ఊళ్ళో గడియారం అవసరం లేదు. భోంపూ ఉండేది. సైరన్‌ని అక్కడ అందరూ భోంపూ అనేవారు. రోజుకి మూడు షిఫ్టులు. భోంపూ మోగితే అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేది. మళ్ళీ మోగితే గుమ్మం వైపు చూసేది. ఆ చూడడం ఎంత అలవాటంటే, రిటైరయ్యి శ్రీకాకుళం వచ్చాక కూడా రైస్‌మిల్లు సైరన్ మోగితే తల అటు తిప్పేది.

భోంపూకన్నా నాకు బాగా గుర్తున్నది రోప్‌వే. గని దగ్గర్నుంచి మౌభండార్ దాకా మైళ్ళ పొడుగునా ఇనప స్తంభాలు, వాటి మీద తాడు, తాడుకి వేలాడుతూ ఇనప తొట్లు. నిండు తొట్లు అటు వెళ్ళేవి, ఖాళీవి ఇటు వచ్చేవి. అడవి మీంచి, పొలాల మీంచి, సువర్ణరేఖ మీంచి. ప్రతి తొట్టీ స్తంభం దాటేటప్పుడు 'టకటక్ కీచ్' మని ఒక చప్పుడు చేసేది. పగలు వినపడదు. రాత్రి పడుకున్నాక వినపడుతుంది. నేను తొట్లు లెక్కపెడుతూ నిద్రపోయేవాణ్ణి. మరమ్మతులకని రోప్‌వే ఆపిన రాత్రులు పిల్లలెవరికీ సరిగ్గా నిద్ర పట్టేది కాదు. మా మామ్మ ఒక వేసవికి మా దగ్గరికొచ్చి, మొదటి రాత్రి లేచి కూర్చుని, "ఏటి బావూ ఆ సప్పుడు, ఎవుళో నూతిలో సేద తోడతన్నారా?" అంది. తెల్లార్లూ తోడుతూనే ఉంటారా అని ఆవిడకి బెంగ.

తొట్లలోంచి అప్పుడప్పుడు రాళ్ళు జారి కింద పడేవి. మేం ఏరుకునేవాళ్ళం. పగలగొడితే లోపల పసుపుపచ్చగా ధగధగ మెరిసేది. సోనా పత్థర్ అనేవాళ్ళం. నా దగ్గర ఒక ట్రంకుపెట్టె సగం నిండా ఉండేది. నేను షావుకారునన్న ధీమాతో నాన్నకి చూపిస్తే ఒక రాయి తీసి తిప్పి చూసి, "బంగారం లేదు, రాగీ లేదురా. రాగి దాక్కున్న రాయిది. నూరు కిలోలు తవ్వితే రెండు కిలోలు రాదు" అన్నాడు. ఆ మాట నేను నమ్మలేదు. నమ్మడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

తమాషా ఏమిటంటే నిజంగా బంగారం కూడా ఉంది. సువర్ణరేఖ ఇసకలో ఆడవాళ్ళు చెక్క పళ్ళాలు పెట్టి రోజంతా కడిగేవారు. పొద్దుగూకేసరికి గోరు చివర పట్టేంత రేణువులు. కొలిమిలో రాగిని శుద్ధి చేశాక అడుగున మిగిలే బురదలో బంగారం, వెండి ఉండేవి, కంపెనీ వాటినీ తీసేది. నది ఒడ్డున ఒకావిడ నడుం వంచి తీసేదీ అదే, గోడ లోపల యంత్రాలు తీసేదీ అదే.

* * *

నాన్న మాటలన్నీ కేకలే. డ్రిల్లు పక్కన నిలబడి పనిచేసేవాళ్ళందరూ అంతే. ఉప్పు అడిగినా పక్క క్వార్టర్‌కి వినపడేది. అంత గట్టిగా మాట్లాడే మనిషి గని గురించి మాత్రం ఒక్క మాట చెప్పేవాడు కాదు.

అమ్మ అడిగేది. "లోపలేటుంటాది?"

"ఏటుంటాది? సీకటుంటాది."

అంతే. ఇంకొంచెం గుచ్చి అడిగితే "కూరలో కారం ఎక్కువైంది" అనేవాడు. ఆడవాళ్ళని భూగర్భంలోకి దిగనివ్వకూడదని అప్పట్లో చట్టమే ఉండేది కాబట్టి అమ్మ వెళ్ళి చూసే మాట లేదు. బావి దగ్గర, నీళ్ళ కుళాయి దగ్గర ఆడవాళ్ళు ఒకరికొకరు కల్పించి చెప్పుకునేవాళ్ళు. పక్కింటి ఒడియా ఆవిడ లోపల నది ఉందని చెప్పింది. ఇంకో నేపాలీ ఆవిడ, లోపల దేవత ఉందని, ఆవిడకి ఈల శబ్దం పడదని చెప్పింది. అమ్మ అన్నీ వినేది. నాన్నని మళ్ళీ అడిగేది. చీకటుంటాది.

మాకు తెలిసిందల్లా టోకెన్. ప్రతి మనిషికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఒకటి. దిగేటప్పుడు అది ఇచ్చి దీపం తీసుకోవాలి, పైకి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకోవాలి. బోర్డు మీద బిళ్ళ వేలాడుతోందంటే మనిషి ఇంకా కిందే ఉన్నట్టు. కంపెనీ పుస్తకాల్లో నాన్నకి పేరుకన్నా ముందు ఆ నంబరుండేది. ఆస్పత్రిలో నాకు జ్వరమొచ్చి చూపించుకున్నా ఆ నంబరే చెప్పాలి. స్కూలు ఫారంలోనూ అదే. ఆ నంబరు ఇప్పుడు నా ఏటీఎం పిన్. చెప్పేశాను, మార్చుకోవాలి.

* * *

ఏడాదికొక రోజు మాత్రం తలుపులు తీసేవారు. సెప్టెంబరు 17, విశ్వకర్మ పూజ. మౌభండార్ వర్క్స్‌లోకి కుటుంబాలతో వెళ్ళొచ్చు. ఆ రోజు యంత్రాలన్నిటికీ బంతిపూల దండలు, పసుపు బొట్లు. మన ఆయుధపూజలాంటిదేగానీ దసరాకి ముందే వస్తుంది. అమ్మ పెట్టెలోంచి పట్టుచీర తీసేది. తీసి, "ఆ పొగలోకి ఇదెందుకు" అని మళ్ళీ లోపల పెట్టేసి నూలుచీర కట్టుకునేది. ఏటా ఇదే తంతు.

నాకు కొలిమి చూడాలని ఉండేది. ముసాబనీలో ఉండే మాకు కొలిమి అంటే ఆకాశమే. రాత్రి మౌభండార్ వైపు చిట్టెం పారబోస్తుంటే మబ్బుల అడుగు ఎర్రగా వెలిగి, మెల్లగా ఆరిపోయేది. ఏ ఊళ్ళోనైనా సూర్యుడు రోజుకొకసారి అస్తమిస్తాడు. మాకు రాత్రంతా అస్తమిస్తూనే ఉండేవాడు. గాలి ఇటు తిరిగితే కాలిన గంధకం వాసన. ఇప్పటికీ దీపావళి రాత్రి అందరూ ముక్కు మూసుకుంటే నేను గాలి పీల్చుకుంటాను.

ఒక విశ్వకర్మ పూజకి లోపలికెళ్తే, ఇత్తడి రేకులు సాగదీసే మిల్లు చూపించారు. ఆ కంపెనీ రాగితోపాటు గిన్నెలు చేసుకునేవాళ్ళకి ఇత్తడి రేకులు కూడా చేసేది. అమ్మ అక్కడే ఆగిపోయింది. అమ్మ పుట్టిల్లు బుడితి దగ్గర. బుడితి ఇత్తడి సామాను పేరు విననివాళ్ళు శ్రీకాకుళం జిల్లాలో ఉండరు. చిన్నప్పుడు కంచరివాళ్ళ కొలిమి దగ్గర ఆడుకున్న మనిషి. కుప్పగా పేర్చిన ఆ రేకుల మీద చెయ్యి వేసి, "మన బుడితికి కూడా ఇక్కడినుంచే వెళ్తాదేటో" అంది. బుడితి వాళ్ళు పోత పోస్తారు, రేకు వాడరు, ఆ సంగతి నాన్నకి తెలుసు. అయినా "వెళ్తాది, వెళ్తాది" అన్నాడు గట్టిగా. ఆ తర్వాత పదేళ్ళపాటు అమ్మ మా ఊరి బిందెలన్నీ నాన్న తవ్విన రాగితోనే చేశారని చుట్టాలకి చెప్పింది.

* * *

సంక్రాంతికి మేం సెలవు దొరక్క అక్కడే ఉండిపోయిన ఏడాదులు కొన్ని ఉన్నాయి. అదే రోజుల్లో అక్కడివాళ్ళకి టుసు పండగ. రంగు కాగితాలతో గోపురాల్లాంటివి కట్టి, పాడుకుంటూ సువర్ణరేఖకి తీసుకెళ్ళి నిమజ్జనం చేస్తారు. ఆ వారం గనిలో హాజిరీ సగానికి సగం పడిపోయేది. అక్కడి గిరిజనులు, సంతాలీ పనివాళ్ళు పండగ ముగిసేదాకా కనపడరు. సూపర్‌వైజర్లు తిట్టుకుంటూ ఊరుకునేవారు. భోంపూ మోగినా కదలని మనుషుల్ని అప్పుడే చూశాను.

అమ్మ క్వార్టర్ ముందు గొబ్బెమ్మలు పెడితే సంతాలీ ఆడవాళ్ళు ఆగి చూసేవారు. పేడముద్దకి పూలెందుకో వాళ్ళకి అర్థమయ్యేది కాదు. వాళ్ళ మట్టిగోడల మీద నున్నగా అలికి ఎరుపు, నలుపు, తెలుపు రంగులతో వేసే బొమ్మలు ఎందుకో అమ్మకీ అర్థమయ్యేది కాదు. అయినా ఒకళ్ళ పని ఒకళ్ళు చాలాసేపు నిలబడి చూసుకునేవారు. అమ్మకి వచ్చిన సంతాలీ అంతా ఒక్కటే మాట, జోహార్. అంటే వాళ్ళ నమస్కారం.

* * *

1972లో కంపెనీని ప్రభుత్వం తీసేసుకుంది. పార్లమెంటులో చట్టం చేసి హిందుస్థాన్ కాపర్‌కి అప్పగించారు. మాకు పెద్ద టెన్షన్. క్వార్టర్ ఉంటుందా, ఊడుతుందా? కుళాయి దగ్గర రకరకాల పుకార్లు. చివరికి జరిగిందేమిటంటే ఇండియన్ కాపర్ కార్పొరేషన్ పోయి ఇండియన్ కాపర్ కాంప్లెక్స్ వచ్చింది. అప్పుడూ ఐసీసీ, ఇప్పుడూ ఐసీసీ. బకెట్ల మీద, దుప్పట్ల మీద, ఆస్పత్రి పళ్ళేల మీద రాసిన అక్షరాలు చెరపక్కర్లేకపోయింది. జనం 'సర్కారు' అనలేదు, అప్పటికీ 'కంపెనీ' అనే అన్నారు.

నాకు కనిపించిన పెద్ద మార్పు క్లబ్బు. అంతకుముందు ఆ గేటు దాకా వెళ్ళి గడ్డి చూసి వచ్చేవాళ్ళం. దొరలు ఎప్పుడో వెళ్ళిపోయినా ఆ గడ్డికి దొరతనం పోలేదు. తర్వాత ఒకరోజు నాన్న నన్ను లోపలికి తీసుకెళ్ళి బెంచీ మీద కూర్చోబెట్టి నిమ్మసోడా ఇప్పించాడు. బిగుసుకుని కూర్చున్నాం ఇద్దరం. సోడా అయిపోగానే లేచి వచ్చేశాం. మళ్ళీ వెళ్ళలేదు.

ఆ తర్వాత కథ అందరికీ తెలిసినదే. పక్కన జాదూగోడలో యురేనియం గని పెద్దదైంది. మా గనుల్లో రాగి తీసేశాక మిగిలిన ఇసకలోంచి కూడా యురేనియం తీయడం మొదలుపెట్టారు. "మేం పారేసిందాన్ని కూడా వదల్రా వీళ్ళు" అని నాన్న నవ్వేవాడు. 1991 తర్వాత బయటి దేశాల రాగి చవగ్గా రావడం మొదలైంది. లోతుకి పోయేకొద్దీ మా రాయి ఖరీదైపోయింది. ఒక్కొక్క గనీ మూతపడుతూ వచ్చింది. అప్పటికి మేం శ్రీకాకుళం వచ్చేసి చాలా ఏళ్ళయింది.

ఒకసారి నేనొక్కణ్ణే వెళ్ళాను, ఏదో ఆఫీసు పని మీద జంషెడ్‌పూర్ వెళ్ళి, అటునుంచి అటు. మా క్వార్టర్‌లో ఎవరో ఉంటున్నారు, తలుపు తట్టలేదు. రాత్రి లాడ్జిలో పడుకుంటే నిద్ర పట్టలేదు. తెల్లవారుజామున తెలిసింది, తొట్ల కోసం చెవులు రిక్కించి పడుకున్నానని.

* * *

ముసాబనీ గని మూసేశారని మాకు ఉత్తరంలో తెలిసింది. నాన్నతో పనిచేసిన ఒడియా ఆయన హిందీలో రాశాడు. నేను చదివి వినిపించాను. వీఆర్ఎస్ సంగతి, ఎవరెవరు ఎక్కడెక్కడికి పోయారు, ఎవరి అమ్మాయి పెళ్ళి. నాన్న అరుగు మీద కూర్చుని ఊఁ కొడుతున్నాడు. చివర్లో ఒక వాక్యం ఉంది, పంపులు కూడా ఆపేశారని. నాన్న ఊఁ కొట్టడం ఆగిపోయింది.

"మళ్ళీ సదువు."

చదివాను.

గనిలో రాత్రింబవళ్ళు నీరు ఊరుతూనే ఉంటుంది. పంపులు తోడుతూ ఉంటేనే మనిషి దిగగలడు. ఆపితే అడుగునుంచి ఒక్కో లెవెలే, అంటే గనిలో ఒక్కో అంతస్తే, మునుగుతూ వస్తుంది. ఇదంతా నాకు అప్పటికి తెలీదు. ఆ రాత్రి భోజనాలయ్యాక నాన్న చెబితే తెలిసింది. అమ్మ తమలపాకులకి సున్నం రాస్తోంది. ఎవరూ అడక్కుండానే మొదలుపెట్టాడు, అదీ కేకలా కాదు, మామూలు గొంతుతో.

"అడుగు లెవెల్ ఈపాటికి నిండిపోయుంటాది. అక్కడ ఉక్క. చొక్కా విప్పేసి చేసేవాళ్ళం. దాని మీద లెవెల్లో గాలి బాగుంటాది. టిఫిన్ క్యారేజీలు తగిలించుకోడానికి మేకులు కొట్టుకున్నాం, ఆ గోడకి. నాది చివరిది."

అమ్మ చెయ్యి ఆపింది.

"ఆ పైన ఒక మలుపుంది. అక్కడ మీదనుంచి నీళ్ళు కారతాయి, చల్లగా. షిఫ్టయ్యాక మొహం అక్కడే కడుక్కునేవాణ్ణి. మీరు చూసింది రెండోసారి కడుక్కున్న మొహం."

ఒక్కో లెవెలూ చెప్పుకుంటూ పైకి వచ్చాడు. ఎక్కడ రాయి పచ్చగా మెరుస్తుందో, ఎక్కడ తల వంచి నడవాలో, ఎక్కడ కేజ్, అదే గనిలోకి దించే లిఫ్టు, ఆగితే కడుపులో తిప్పేదో. ముప్ఫై ఏళ్ళపైన చెప్పనిది ఒక రాత్రిలో చెప్పాడు. అందులో నది లేదు, దేవత లేదు. ఒకచోట మాత్రం, పాత పనులు జరిగిన లెవెల్లో, ఎవరో సంతాలీ కుర్రాడు కార్బైడ్ దీపం మసితో గోడమీద కోడిపుంజు బొమ్మ గీశాడట. తోక పెద్దది. ఆ కుర్రాడెవరో నాన్న చేరేనాటికే ఎవరికీ గుర్తులేదు. అటు వెళ్ళేవాళ్ళందరూ దాని ముందు దీపం కాస్త ఎత్తి చూసి వెళ్ళేవాళ్ళట.

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. ఆకు మడిచి నాన్నకిచ్చింది.

"మరైతే ఆ కోడి? అదీ మునిగిపోయుంటాదా?"

నాన్న వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు.

"లేదు," అన్నాడు. "అది పైన లెవెల్. దానికింకా టైముంది."